ఆ సీమోను ఏ సీమోను?



"మరియమ్మగారు ప్రార్థన చేస్తారు" అని నేను పుల్పిటు మీద నుండి చెప్పినప్పుడు ఇద్దరు ముగ్గురు ఒకేసారి లేచి నిలబడిన ఆదివారములు మా సంఘములో ఉన్నవి. మీ సంఘములోనూ ఉండే ఉంటాయి. అందుకే ఊళ్లో వాళ్లు తమకు తెలిసిన ఉపాయము తాము చేసుకున్నారు. చెరువుగట్టు మరియమ్మ, టీచరు మరియమ్మ, పెద్ద సమూయేలు, తాపీ మేస్త్రి సమూయేలు అని పిలుచుకుంటారు. ఇంటిపేరు ముందు పెట్టుకొనే అలవాటు మన తెలుగువారికి ఉన్నది గాని, ఒకే పేటలో నాలుగు కుటుంబములకు ఒకే ఇంటిపేరు ఉన్నప్పుడు అది కూడా చాలదు. ఓటర్ల జాబితాలో పేరు ప్రక్కన తండ్రి పేరో భర్త పేరో, వయస్సు, ఇంటి నంబరు ఎందుకు వ్రాస్తారో పల్లెలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

ముఖము చూచి పలకరించుకొనే ఊళ్లో ఇది నవ్వుకొనే సంగతి. ముఖము కనబడక, గొంతు మాత్రమే వినబడే చోట ఇదే పేరు ఒక కుటుంబమును ఎంత కష్టపెట్టగలదో గత సంవత్సరము నేను కళ్లారా చూశాను. దానిలో నా తప్పు కూడా ఉన్నది. ఆ సంగతి చెప్పడానికి ముందు, పెద్దవారి కోసము పాడ్‌కాస్టు అంటే ఏమిటో రెండు మాటలు చెప్తాను.

మనము చిన్నప్పుడు రేడియోలో వినిన ఇంటర్వ్యూల వంటిదే పాడ్‌కాస్టు. తేడా ఏమంటే, రేడియో వేళకు మనము వెళ్లాలి. దీనిని మన వేళకు మనము వినవచ్చును. సెల్‌ఫోనులో పెట్టుకొని పొలము గట్టున కూర్చొని వినవచ్చు, బస్సులో వినవచ్చు, మధ్యలో ఆపి రేపు వినవచ్చు. 2004 ఫిబ్రవరిలో బ్రిటనులోని గార్డియన్ పత్రికకు వ్రాసిన వ్యాసములో బెన్ హామర్‌స్లీ అనే విలేఖరి ఈ మాటను వాడాడు. 2005 జూనులో ఆపిల్ కంపెనీ తన ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులను చేర్చింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి మన పల్లెల్లో పశువులు కాసే పిల్లవాని చెవిలో కూడా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. తెలుగులోనూ ఇవి ఎన్నో వచ్చాయి. వ్యవసాయము చెప్పేవారున్నారు, వాక్యము చెప్పేవారున్నారు, తమ జీవిత కథ చెప్పుకొనేవారున్నారు.

ఇక్కడే పేరు చిక్కు మొదలవుతుంది. ఇది మన ఊళ్లకే పట్టిన చిక్కు కాదు. లోకములో మిక్కిలి పేరు పొందినవారికి కూడా తప్పలేదు.

మైకేల్ జోర్డాన్ అంటే మన కుర్రవాళ్లు కూడా అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడినే తలుస్తారు. 1963లో పుట్టిన ఆయన చికాగో బుల్స్ జట్టుతో ఆరు చాంపియన్‌షిప్పులు గెలిచాడు. అయితే 2020 ఫిబ్రవరిలో లెక్స్ ఫ్రిడ్‌మన్ పాడ్‌కాస్టులో మాట్లాడిన మైకేల్ జోర్డాన్ వేరొకరు. ఆయన 1956లో పుట్టినవాడు, కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయములో అప్పుడు ఆచార్యుడుగా ఉన్నవాడు. కంప్యూటర్లకు నేర్చుకోవడము నేర్పే శాస్త్రములో పెద్దవాడు. ఆటగాడి మాటలు విందామని ఆ కార్యక్రమము తెరిచినవాడికి బంతి మాట వినబడదు, లెక్కల మాట వినబడుతుంది. చదువుకున్నవారు ఆయనను మైకేల్ ఐ. జోర్డాన్ అని మధ్యలో ఒక అక్షరము చేర్చి వ్రాస్తారు. ఆ ఒక్క అక్షరమే ఇద్దరికీ మధ్య ఉన్న కంచె.

ఇంగ్లండులో బ్రయన్ కాక్స్ అని ఒక భౌతిక శాస్త్రజ్ఞుడున్నాడు. 1968లో పుట్టాడు, మాంచెస్టరు విశ్వవిద్యాలయములో ఆచార్యుడు. నక్షత్రముల గురించి సామాన్యులకు అర్థమయ్యేలా చెప్తాడు. బి.బి.సి. రేడియోలో 2009లో రాబిన్ ఇన్స్‌తో కలిసి ఆయన మొదలుపెట్టిన విజ్ఞాన కార్యక్రమము పాడ్‌కాస్టుగా కూడా వచ్చింది. స్కాట్లాండులోని డండీ పట్టణములో 1946లో పుట్టిన మరొక బ్రయన్ కాక్స్ నటుడు. 2018 నుండి 2023 వరకు వచ్చిన సక్సెషన్ అనే ధారావాహికలో కోపిష్ఠి తండ్రి వేషము వేశాడు. ఇద్దరూ బ్రిటిషువారే, ఇద్దరూ ప్రసిద్ధులే, ఇద్దరినీ పిలిచి మాట్లాడించేవారు ఉన్నారు. బ్రయన్ కాక్స్ అని వెదకితే ఇద్దరూ ఒకే వరుసలో నిలబడవచ్చును, మా మందిరములో మరియమ్మలు నిలబడినట్లే.

ఎందుకిలా జరుగుతుంది? పాడ్‌కాస్టు చేసేవారు ప్రతి భాగముతో పాటు ఒక చీటీ వంటిది పంపుతారు. దానిలో శీర్షిక, కొద్దిపాటి వివరము, తేదీ ఉంటాయి. వచ్చిన అతిథి పేరు సాధారణముగా ఆ శీర్షికలోనో వివరములోనో ఒక మాటగా ఉంటుంది, అంతే. వెదికే యంత్రము ఆ అక్షరములను మనము కొట్టిన అక్షరములతో పోల్చి చూస్తుంది. వ్యక్తుల కోసము ప్రత్యేకమైన గుర్తు పెట్టుకొనే ఏర్పాటు ఈమధ్య కొన్ని సంవత్సరములుగా వచ్చింది గాని, అది పెట్టి తీరాలన్న నియమము లేదు. కాబట్టి "ఈయన ఎవరి కుమారుడు, ఏ ఊరు?" అని మన పెద్దమ్మ అడిగినట్లు అడగడము ఆ జాబితాకు చేతకాదు.

ఈ చిక్కు ముందే ఎరిగిన వృత్తులవారు జాగ్రత్త పడ్డారు. నటుల సంఘములలో ఒకే పేరుతో ఇద్దరు ఉండకూడదన్న పద్ధతి ఉండేది. అందుకే మైకేల్ డగ్లస్ అని పేరున్న ఒక నటుడు మైకేల్ కీటన్ అయ్యాడు, డేవిడ్ మెక్‌డొనాల్డ్ డేవిడ్ టెనంట్ అయ్యాడు. పరిశోధకుల కోసము 2012లో ఆర్కిడ్ అనే పద్ధతి మొదలైంది. పేరు ఎంతమందికి ఉన్నా, ఒక్కొక్కరికి పదహారు స్థానముల సంఖ్య ఒకటి వేరుగా ఉంటుంది. గ్రంథాలయములలో రచయిత పేరు ప్రక్కన పుట్టిన సంవత్సరము వ్రాసే అలవాటు ఇంకా పాతది. పెద్దలు ఇంత శ్రమ ఎందుకు పడ్డారు? ఒకని పని మరొకని ఖాతాలో పడకూడదని.

ఇప్పుడు మా ఊరి సంగతి చెప్తాను.

మా సంఘములో ఒక అమ్మాయికి సంబంధము కుదిరింది. అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్నాడు, ఇరవై ఏడేళ్లవాడు. తండ్రి మా జిల్లాలోనే మరొక ఊళ్లో చిన్న రైతు, సంఘ పెద్ద. ఇరువైపులా మాటలు అయిపోయినవి. నిశ్చితార్థమునకు తేదీ అనుకుంటున్నారు. ఆ అబ్బాయి పేరు ఇక్కడ వ్రాయను. ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురికి ఉండే పేరే. ఇంటిపేరు కూడా అలాంటిదే.

ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత అమ్మాయి మేనమామ ఫోను పట్టుకొని వరండాలో నా దగ్గరకు వచ్చాడు.

"అయ్యగారూ, మా వాళ్లకి ఇంకా చెప్పలేదు. ముందు మీరు ఇది వినండి" అన్నాడు.

అది ఒక తెలుగు పాడ్‌కాస్టు. ఆన్‌లైను పందెములలో పడి తన బ్రతుకు ఎలా పాడుచేసుకున్నాడో ఒక వ్యక్తి చెప్తున్నాడు. అప్పులు, అబద్ధములు, భార్య నగలు తాకట్టు. ఫొటో లేదు. పైన అతిథి పేరు ఉన్నది. పెండ్లికుమారుని పేరే, అదే ఇంటిపేరు. హైదరాబాదులో ఉంటానని కూడా అన్నాడు.

నేను ఒక పది నిమిషములు విన్నాను. మధ్యాహ్నము మరొక గ్రామములో ఆరాధన ఉన్నది, బయలుదేరే తొందర. "పేరు అదే, ఇంటిపేరు అదే, పట్టణమూ అదే అంటున్నాడు. భార్య అంటున్నాడు మరి... ఏదో దాచారేమో. తొందరపడకండి, జాగ్రత్తగా ఉండండి" అని చెప్పి మోటారు సైకిలు ఎక్కాను.

నేను చెప్పినది జాగ్రత్త మాటే అనుకున్నాను. సాయంత్రము తిరిగి వచ్చేసరికి అది తీర్పు అయిపోయింది. "అయ్యగారు కూడా విన్నారంట. అతనేనంట. ముందే పెళ్లయిందంట." బుధవారము కూడికకు వచ్చినవారిలో ఆ సంగతి తెలియనివారు లేరు. అమ్మాయి కూడికకు రాలేదు. వాళ్లమ్మ వచ్చి వెనుక చాప మీద కూర్చొని, పాట పాడకుండా వెళ్లిపోయింది. అబ్బాయి వాళ్లకు "ఇప్పుడప్పుడే వద్దులెండి" అని కబురు పంపారు. కారణము చెప్పలేదు. కారణము మాత్రము వాళ్ల ఊరికి వాళ్లకంటె ముందే చేరింది.

రెండు వారముల తరువాత అబ్బాయి తండ్రి బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దానిలో కొడుకు పదవ తరగతి సర్టిఫికెట్టు, ఆధార్ కార్డు, ఉద్యోగము కాగితము. మంచినీళ్లు ఇస్తే తాగాడు. కోప్పడలేదు.

"అయ్యగారూ, ఆ మాటలు మీరు విన్నారు గదా. చివరిదాకా విన్నారా?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన తన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ఇద్దరము కూర్చొని మొదటి నుండి విన్నాము. అరగంట దాటిన తరువాత ఆ మాట్లాడే వ్యక్తి తన వయస్సు నలభై ఆరు అన్నాడు. పెద్ద కుమార్తె ఇంజనీరింగు చదువుతున్నదన్నాడు. తాను పుట్టినది మన జిల్లాయే కాదు. చివరిదాకా వినియుంటే నాకే తెలిసేది.

ఆ తండ్రి కాగితములు మరల కవరులో పెట్టుకున్నాడు. "మా వాడి సర్టిఫికెట్టు మీకు చూపించాల్సి వస్తదని అనుకోలేదండీ" అన్నాడు.

ఆ సాయంత్రమే అమ్మాయి ఇంటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. తరువాతి ఆదివారము ప్రసంగమునకు ముందు సంఘమంతటి ఎదుట కూడా ఒప్పుకున్నాను. అబ్బాయి ఊరికి వెళ్లి, ఆ మందిరములో పెద్దల ఎదుట కూడా చెప్పి వచ్చాను. వాళ్లు నన్ను క్షమించారు, భోజనము పెట్టి పంపించారు. అయితే సంబంధము మరల కలవలేదు. "మీ మీద కోపము లేదండీ. కానీ రేపు మా ఇంట్లో చిన్న మాట వచ్చినా ఆ పిల్లకు ఇదే గుర్తొస్తది, మా వాడికీ ఇదే గుర్తొస్తది" అని ఆ తల్లి అన్నది. ఆమె మాటకు నా దగ్గర వాక్యము లేకపోయింది.

ప్రియులారా, ఆ తరువాత నాకు మరొక సంగతి తట్టింది. అన్యాయము ఒక్క పెండ్లికుమారునికే జరగలేదు. తన పతనమును పదిమందికి చెప్పి ఇంకొకరైనా ఆ గుంటలో పడకుండా ఆపాలని నోరు తెరిచిన ఆ నలభై ఆరేళ్ల మనిషికి కూడా జరిగింది. అతని ధైర్యమును మేము వినలేదు, అతని సిగ్గును మాత్రము ఏరుకొని మరొకని మెడలో వేశాము. అతని సాక్ష్యము విని మారవలసిన యౌవనులు మా ఊళ్లోనే ఉన్నారు. వాళ్లలో ఒక్కరు కూడా దానిని పూర్తిగా వినలేదు.

ఆ దినములలో అపొస్తలుల కార్యములు మరల చదివాను. ఎన్నోసార్లు బోధించిన భాగమే గాని, పేర్ల వెంబడి వెళ్లి ఎప్పుడూ చదవలేదు. పదియవ అధ్యాయములో దేవదూత కైసరయలో ఉన్న కొర్నేలీతో ఒక మనిషిని పిలిపించుకొమ్మని చెప్తాడు. ఆ మనిషి పేరు సీమోను. ఆయన దిగియున్నది మరొక సీమోను ఇంట! దూత ఎంత వివరముగా చెప్పాడో చూడండి. ఊరు యొప్పే. మారుపేరు పేతురు. ఇంటి యజమాని వృత్తి చర్మకారుడు. ఇల్లు సముద్రపు దరిని ఉన్నది. పరలోకము నుండి వచ్చినవాడే ఊరు, మారుపేరు, వృత్తి, ఇంటి గుర్తు ఇన్ని చెప్పి పంపితే, నేను వరండాలో నిలబడి పేరు ఒక్కటి చూచి మాట్లాడాను.

తొమ్మిదియవ అధ్యాయము ఇంకా ఆశ్చర్యము. దమస్కులో అననీయ అనే శిష్యుడు, యూదా అనే వాని ఇంటికి వెళ్లి, సౌలు అనే వాని మీద చేతులుంచాలి. ఈ మూడు పేర్లు ఎలాంటివి? అననీయ అంటే అంతకు నాలుగు అధ్యాయముల ముందే సప్పీరాతో కలిసి అబద్ధమాడి పడిపోయినవాడు గుర్తుకు వస్తాడు. యూదా అంటే ప్రభువును అప్పగించినవాడు. సౌలు అంటే దేవుడు విసర్జించిన రాజు, ఈ సౌలు వలెనే బెన్యామీను గోత్రికుడు. చెడిపోయిన మూడు పేర్లు కలిసిన చోట సువార్త పని జరిగింది! ఆ అననీయ మంచివాడు. ఆ పేరు ముందు ఎవరు పాడుచేశారన్నది అతని లెక్కలో పడలేదు. అక్కడ కూడా వీధి పేరు, ఇంటివాని పేరు, తార్సు అనే పట్టణము పేరు చెప్పబడ్డాయి. యోహాను సువార్త పదునాలుగవ అధ్యాయములోనూ ఇంకొక శిష్యుడైన యూదా ప్రశ్న వేసినప్పుడు, ఇతడు ఇస్కరియోతు కాడని సువార్తికుడు ఆగి చెప్పి మరీ ముందుకు సాగుతాడు. ఆ ఒక్క మాట వ్రాయకపోతే ఒక నమ్మకమైన శిష్యుని ప్రశ్న ద్రోహి నోట పడేది.

అలా ఆగి చెప్పకపోతే ఏమవుతుందో మగ్దలేనే మరియ విషయములో సంఘ చరిత్ర చూపిస్తున్నది. లూకా ఏడవ అధ్యాయములో పేరు చెప్పబడని పాపాత్మురాలు ఒకామె. బేతనియలో మార్త సహోదరి మరియ ఇంకొకామె. ప్రభువు ఏడు దయ్యములను వెళ్లగొట్టిన మగ్దలేనే మరియ మరొకామె. 591వ సంవత్సరములో రోములో పోపు గ్రెగొరీ తన ప్రసంగములో ఈ ముగ్గురినీ ఒక్కరిగా చెప్పాడు. నాటి నుండి పశ్చిమ దేశముల చిత్రములలో, కథలలో మగ్దలేనే మరియ వేశ్యగానే నిలిచిపోయింది. ఆమె వేశ్య అని లేఖనములో ఎక్కడా లేదు. 1969లో రోమను సంఘము తన ఆరాధన పంచాంగమును సవరించినప్పుడు ఈ ముగ్గురినీ వేరుగా గుర్తించింది. అప్పటికి 1378 సంవత్సరములు గడిచాయి! ఇది వారి తప్పు మాత్రమే అనుకోవద్దు. మన పుల్పిటుల మీద నుండి, మన క్రిస్మసు, ఈస్టరు నాటికలలో ఇప్పటికీ ఆమెను అలాగే చూపిస్తున్నాము. పునరుత్థాన ప్రభువును మొదట చూచి శిష్యులకు వర్తమానము తెచ్చిన స్త్రీకి ఇంకొకరి గతమును అంటగట్టాము. ఒక బోధకుని తొందర ఎంత దూరము ప్రయాణము చేస్తుందో చూడండి.

కాబట్టి మా ఇంట్లో, మా సంఘములో ఇప్పుడు ఒక అలవాటు పెట్టుకున్నాము. మీరు కూడా ఆలోచించండి. ఎవరిదైనా గొంతు ఫోనులో విని "ఇది ఫలానావాడే" అనిపిస్తే, ముందుగా చివరిదాకా వినాలి. వయస్సు, ఊరు, పని, కుటుంబము అనే నాలుగు సంగతులు కలుస్తున్నాయా అని చూడాలి. పేరు, ఇంటిపేరు కలవడము సాక్ష్యము కాదు. అప్పటికీ సందేహము ఉంటే ఆ వ్యక్తినే, లేక అతని ఇంటివారినే నేరుగా అడగాలి. వారిని అడగక ముందు ఇంకెవరికీ పంపకూడదు. మెప్పు విషయములోనూ ఇదే పద్ధతి. ఒకరు చెప్పిన మంచి మాటను అదే పేరున్న మరొకరికి కట్టబెట్టినా అది ఒకని కష్టార్జితమును మరొకనికి ఇవ్వడమే. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము పలకకూడదన్న ఆజ్ఞ మనము తెలిసి ఆడే అబద్ధములకే గాక, తెలుసుకోకుండా పలికే మాటలకు కూడా వర్తిస్తుందని నేను ఆలస్యముగా నేర్చుకున్నాను.

ఆ అమ్మాయికి ఈ సంవత్సరము మరొక సంబంధము చూస్తున్నారు. మొన్న వాళ్లమ్మ నా దగ్గరకు వచ్చి అబ్బాయి పేరు చెప్పి, "అయ్యగారూ, ఈ పేరు మీరెక్కడైనా విన్నారా?" అని అడిగింది.

"పేరు విన్నానమ్మా, చాలామందికి ఉన్నది. అబ్బాయిని మాత్రము ఎరుగను. వాళ్ల ఊరు వెళ్లి చూచి వద్దాము, నేనూ వస్తాను" అని చెప్పాను.

వచ్చే శుక్రవారము ఉదయము బస్సుకు వెళ్తున్నాము. మీ కుటుంబ ప్రార్థనలో ఆ అమ్మాయిని, ఆ మొదటి అబ్బాయిని, పేరు తప్ప మరేమీ ఎరుగని ఆ నలభై ఆరేళ్ల సహోదరుని కూడా జ్ఞాపకము చేసుకొనండి.